ఫేటు బాబు

ఏడు రోడ్ల కూడలిలో డాక్టరు
చీటీ మీద రెండే మాటలు రాశాడు:
కొవ్వు తగ్గించండి.
కామేశ్వరి పిత్తాశయంలో రాళ్లున్నాయట,
శనగబద్దలంతవి, నాలుగు.
ఆపరేషన్ అయ్యేదాకా పాలు పలచన.

పలచన అంటే ఎంత, అని అడిగాను.
పలచన అంటే పలచనే, అని నవ్వాడు.
ఆయనకేం తెలుసు,
ఆమదాలవలస పాలకేంద్రంలో బల్ల వెనక
ఇరవయ్యారేళ్లు నిలబడినవాణ్ణి.
నా దగ్గర పలచన అనే మాట లేదు.
ఆరూ రెండు ఉంది. అయిదూ తొమ్మిది ఉంది.

పది మిల్లీల ఆసిడ్, దానిమీద పదీ ముప్పావు పాలు,
ఒక్క మిల్లీ ఆల్కహాలు, రబ్బరు బిరడా.
కుదిపితే గొట్టం అరచేతిలో పెనంలా కాలేది.
యంత్రం తిరిగి తిరిగి ఆగేదాకా
ఆడవాళ్లు కేన్ల పక్కన గొంతుక్కూచుని
నా కళ్లకేసే చూసేవాళ్లు.
గొట్టం మెడలో పసుప్పచ్చగా వెన్న నిలిచేది,
గీతకీ గీతకీ నడుమ.
"ఎంతొచ్చింది, ఫేటు బాబూ?"

ఇప్పుడు ఆ చేతులే వంటింట్లో.
పాలు కాచి, కదపకుండా చల్లార్చి,
రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి,
మొదటి పాసింజరు కూతకి లేచి
మీగడని అప్పడంలా అంచు పట్టి ఎత్తుతాను.
మళ్లీ కాచి, మళ్లీ చల్లార్చి, మళ్లీ.
చివర పొందూరు గుడ్డలో వడగడితే
మిగిలిన కాస్తా దారాలకి అంటుకుని ఆగుతుంది.

కేలండరు వెనక నాలుగు మూలల గడి గీశాను.
ఎడమ పక్క పైన ఆరున్నర, దాలమ్మ గేదె పాలు.
కింద అర, మూడుసార్లు మీగడ తీసినవి.
నడిమధ్య రెండు, కామేశ్వరికి.
ఏటవాలుగా తీసివేస్తే
కుడి పక్క ఒకటిన్నర, నాలుగున్నర.
ఒక గ్లాసుకి మూడు గ్లాసులు.
లెక్క పాలకన్నా తెల్లగా ఉంది.
ఆ అర మాత్రం నా ఊహ.
ఇంట్లో ఆసిడ్ లేదు, గొట్టం లేదు,
కళ్లతో చదివినవాడికి నాలికతో చదవడం రాదు.

కాస్త వెన్న తక్కువ పాలు పొయ్యమని
దాలమ్మని అడిగాను.
చెంబు గుమ్మంలో దించి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
"ఏటి బాబూ! నీల్లు కలిపినానని ఆ దినాల
అందరి ముందరా నా కేను ఒంపీసినావు.
ఇప్పుడు నువ్వే కలపమంతన్నావేటి?
కులాయి నీ ఇంట్లోనే ఉంది కదా,
నాకెందుకూ ఆ పాపం!"

నేనూ నవ్వాను. నవ్వుతుంటేనే గుర్తొచ్చింది,
ఆ పాలు సిమెంటు మీద పారి కాలవలో కలవడం,
ఎక్కణ్ణించో ఒక కుక్క రావడం,
కేను కడుక్కుని ఆమె మర్నాడూ రావడం.

ఇంకొకటీ గుర్తొచ్చింది.
గీతకీ గీతకీ నడుమ నిలిచిన వెన్నని
నేనెప్పుడూ కింది గీతకే చదివాను.
పైనుంచి ఉత్తర్వేం కాదు. అలవాటు.
నా జేబులోకి పోలేదు.
మరెక్కడికి పోయిందో ఆ వెంట్రుకంత పసుపు,
రోజుకి రెండు పూటలు, నూట నలభై కేన్లు.

రాత్రి ఒంటిగంటకి వంటింట్లో ఫ్రిజ్ వెలుగు.
కామేశ్వరి నేలమీద కూచుని ఉంది.
చద్దన్నం, మీగడ, ఒక మాగాయ ముక్క.
చప్పుడవుతుందని చెంచా మానేసి వేళ్లతో.
వచ్చిన కాళ్లతోనే వెనక్కి వెళ్లి పడుకున్నాను.
పొద్దున్న గిన్నె తీసి చూస్తే
పావుకి పైనే తరిగింది.
పావేం కాదులే, చెంచాడు.
మళ్లీ కింది గీతకే చదివాను.

గుమ్మంలో చెంబు మోగింది.
"ఎంతొచ్చింది, ఫేటు బాబూ?"
దాలమ్మ ఊరికే అంది, పాత మాట.
"ఆరూ ఎనిమిది" అన్నాను,
గొట్టం లేని చెయ్యి పైకెత్తి, వెలుతురుకి పట్టి.
ఆమె చివరి చుక్కదాకా చెంబు వొంపింది.
"అయితే రేటు మార్సు" అంది,
నవ్వకుండా.